రొట్టె, జామ్ సీసా, ఒక రాజ్యాంగ సవరణ

"మీ పుస్తకాల్లో నాలాంటి వాళ్ళకి ఎక్కడన్నా చోటుందా?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. అప్పుడు నేను సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయం రాస్తున్నాను. చర్చిలో స్త్రీల సమాజం మీటింగు ముగించుకుని వచ్చి, బైబిలు బల్ల మీద పెట్టి, బియ్యం కడుగుతూ అడిగింది. నేను తడుముకోకుండా ఇంటిచాకిరీ గురించీ, జీతం లేని శ్రమ గురించీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "చాకిరీ అని నువ్వంటున్నావు. నేనెప్పుడన్నా అన్నానా?" అంది. అని కుక్కర్ మూత పెట్టేసింది. చర్చ అక్కడితో ముగిసింది. ఆవిడకి ముగిసింది గాని నాకు ముగియలేదు.

ఆ ప్రశ్న మళ్ళీ నాకు ఎదురైంది అమెరికా స్త్రీవాద చరిత్ర చదువుతున్నప్పుడు. అదీ స్త్రీవాదుల రాతల్లో కాదు. జీవితమంతా స్త్రీవాదాన్ని ఓడించడానికే ధారపోసిన ఒక కాథలిక్ స్త్రీ రాతల్లో. ఆమె పేరు ఫిలిస్ ష్లాఫ్లీ. మనం సాధారణంగా మన పూర్వికురాళ్ళని వెతుక్కుంటూ చరిత్రలోకి వెళతాం. మరుగున పడిన రచయిత్రుల్నీ, ఉద్యమకారిణుల్నీ వెలికి తీస్తాం. అది అవసరమైన పనే. కానీ మనల్ని ఓడించిన స్త్రీల చరిత్ర కూడా మన చరిత్రలో భాగమేనని ఈమెని చదివాక నాకు గట్టిగా అనిపించింది. ఆమెని పితృస్వామ్యం చేతిలో కీలుబొమ్మ అని తీసిపారెయ్యడం సులువు. ఆమె ఎవరి చేతిలోనూ బొమ్మ కాదు. అసలు సమస్య అదే.

మాంద్యం, మరతుపాకి, కాన్వెంటు

ఫిలిస్ స్టివర్ట్ 1924 ఆగస్టు 15న మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో తండ్రి ఉద్యోగం పోయింది. తల్లి ఉద్యోగంలో చేరి, తర్వాత అక్కడి కళా మ్యూజియంలో లైబ్రేరియన్‌గా పనిచేసి, ఇల్లు గడిపి, కూతుళ్ళిద్దరినీ కాన్వెంటు బడిలో చదివించింది. అంటే మగవాడు సంపాదిస్తే ఆడది ఇల్లు చూసుకోవడం అనే ఏర్పాటు ఎంత పెళుసుదో ఫిలిస్ తన బాల్యంలోనే చూసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాత్రిపూట మందుగుండు కర్మాగారంలో తుపాకులు పేల్చి తూటాలు పరీక్షించే పని చేస్తూ, పగలు వాషింగ్టన్ యూనివర్సిటీలో చదువుకుని 1944లో పట్టా పుచ్చుకుంది. మరుసటి ఏడు రాడ్‌క్లిఫ్ కాలేజీలో ఎం.ఏ. చేసింది. 1949లో తనకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడైన లాయరు ఫ్రెడ్ ష్లాఫ్లీని పెళ్ళి చేసుకుని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆల్టన్ అనే ఊళ్ళో కాపురం పెట్టింది. ఆరుగురు పిల్లలు. బడికి పంపకముందే వాళ్ళకి ఇంట్లో తనే చదవడం నేర్పింది.

1952లోనూ 1970లోనూ కాంగ్రెస్‌కి పోటీచేసి రెండుసార్లూ ఓడిపోయింది. 1958లో భర్తతోనూ ఆడపడుచుతోనూ కలిసి, హంగరీలో కమ్యూనిస్టులు జైల్లో పెట్టిన కార్డినల్ మిండ్‌సెంటి పేరు మీద ఒక కాథలిక్ సంస్థ పెట్టింది. చర్చి హాళ్ళలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి కమ్యూనిజం ప్రమాదం గురించి పాఠాలు చెప్పించింది. 1964లో బారీ గోల్డ్‌వాటర్‌ని సమర్థిస్తూ 'ఎ ఛాయిస్ నాట్ ఏన్ ఎకో' అనే చిన్న పుస్తకాన్ని సొంతంగా అచ్చేసింది. అది ముప్ఫై లక్షలకి పైగా అమ్ముడుపోయింది. అణ్వాయుధాల వ్యూహం మీద ఒక విశ్రాంత నౌకాదళ అధికారితో కలిసి పుస్తకాలు రాసింది. 1967లో రిపబ్లికన్ పార్టీ మహిళా సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయింది. ఓడిన ఆ ఏడే తన పేరు మీద ఒక నెలసరి పత్రిక మొదలుపెట్టింది. నాలుగు పేజీల కరపత్రం లాంటిది. బయట నుంచి చూస్తే ఏమీ కాదు. కానీ దానికి చందా కట్టిన ప్రతి ఇల్లూ ఆమెకి ఒక కార్యాలయమైంది.

దేవుడు, దేశం, కుటుంబం. ఆమె ఆలోచనలో ఇవి మూడూ వేరు వేరు విషయాలు కావు. సోవియట్ రష్యా దేవుణ్ణి కాదంటుంది, పిల్లల్ని తల్లి ఒడి నుంచి తీసి ప్రభుత్వ శిశు కేంద్రాల్లో పెడుతుంది, కాబట్టి కమ్యూనిజం కుటుంబానికి శత్రువు. స్త్రీవాదులు కూడా శిశు కేంద్రాలే అడుగుతున్నారు, కాబట్టి వాళ్ళూ శత్రువులే. ఆమె తర్కం ఇంత తిన్నగా నడుస్తుంది. మనకి ఇది హాస్యాస్పదంగా కనిపించవచ్చు. కానీ ఆదివారం గుడిలో విన్నదీ, సాయంత్రం వార్తల్లో చూసిందీ, వంటింట్లో తాను చేస్తున్నదీ ఒకే కథలో భాగమని ఒక గృహిణికి చెప్పగలిగిన వాళ్ళు ఆ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

ఒక్క వాక్యం మీద పదేళ్ళ యుద్ధం

సమాన హక్కుల సవరణ పెద్ద పత్రమేమీ కాదు. లింగభేదం కారణంగా చట్టం ముందు సమాన హక్కుల్ని సమాఖ్య ప్రభుత్వం గాని ఏ రాష్ట్రం గాని నిరాకరించకూడదన్న ఒకే ఒక్క వాక్యం దాని గుండెకాయ. 1923లో ఆలిస్ పాల్ చొరవతో మొదటిసారి కాంగ్రెస్ ముందుకొచ్చింది. రిపబ్లికన్ పార్టీ 1940 నుంచీ తన ప్రణాళికలో దాన్ని సమర్థిస్తూనే ఉంది. 1972 మార్చి 22న సెనేట్ 84–8 ఓట్లతో ఆమోదించింది. ఇక 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకుంటే చాలు. ఏడేళ్ళ గడువు. ఆ ఏడాదే 22 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. అంతా అయిపోయినట్టే అనుకున్నారు.

1972 ఫిబ్రవరి సంచికలో ష్లాఫ్లీ స్త్రీల సమాన హక్కుల్లో తప్పేమిటన్న శీర్షికతో ఒక వ్యాసం రాసింది. ఆ వ్యాసాన్ని నేను చాలాసార్లు చదివాను. అందులో వాదన స్థూలంగా ఇదీ: ప్రపంచంలో అమెరికన్ స్త్రీ అంత అదృష్టవంతురాలు మరొకతె లేదు. కారణం కుటుంబాన్ని సమాజానికి పునాదిగా నిలబెట్టిన యూదు-క్రైస్తవ సంప్రదాయం. బిడ్డని కనేది ఆడది. అది ఎవరూ మార్చలేరు. అందుకు బదులుగా ఆమెని పోషించి రక్షించే బాధ్యతని చట్టమూ ఆచారమూ మగవాడి మీద పెట్టాయి. మేరీమాతని గౌరవించిన మతం స్త్రీని గౌరవించడం నేర్పింది. ఇక స్త్రీకి నిజమైన విముక్తి తెచ్చింది ఊరేగింపులు తీసేవాళ్ళు కాదు, కరెంటు తెచ్చిన ఎడిసన్, కుట్టుమిషను కనిపెట్టిన ఎలియాస్ హోవ్. సమానత్వం పేరుతో ఇవన్నీ వదులుకుని మీరు పొందేదేమిటి? మీ ఆడపిల్లల్ని వియత్నాం పంపడమా?

ఇందులో తెలివి ఉంది. "హక్కు" అన్న మాటని ఆమె స్త్రీవాదుల దగ్గర్నుంచి లాక్కుంది. భర్త చేత పోషింపబడే హక్కు, పసిబిడ్డని ఇంట్లో ఉండి పెంచుకునే హక్కు, సైన్యంలోకి పోకుండా ఉండే హక్కు. తన ఉద్యమానికి పెట్టిన పేరులోని అక్షరాలకి అర్థమే 'మా ప్రత్యేక సౌకర్యాలు లాక్కోవద్దు' అని. ఇందులో క్రూరత్వం కూడా ఉంది. అదే వ్యాసంలో ఆఫ్రికన్ సమాజాల్లోనూ అమెరికా ఆదివాసుల్లోనూ మగవాళ్ళు ఈకలూ పూసలూ తగిలించుకుని తిరుగుతారనీ, ఆడవాళ్ళు గొడ్డుచాకిరీ చేస్తారనీ రాసింది. క్రైస్తవ నాగరికత గొప్పతనానికి అది రుజువట. ఆ నాగరికతలోనే తరతరాలుగా తెల్లవాళ్ళ ఇళ్ళల్లో అంట్లు తోమి, తెల్లవాళ్ళ పిల్లల్ని పెంచి, తన పిల్లల్ని చూసుకోవడానికి మాత్రం తీరిక దొరకని నల్లజాతి స్త్రీ ఆమె కంటికి కనపడలేదు. "మన సౌకర్యాలు" అన్నప్పుడు ఆ "మన"లో ఆ స్త్రీ ఎన్నడూ లేదు.

రొట్టెలు తీసుకుని శాసనసభకి

ఆమె గెలిచిన తీరు మనం శ్రద్ధగా చూడాలి. రాజధానిలో పెద్ద ధర్నాలు కాదు. ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క శాసనసభ్యుణ్ణి పట్టుకోవడం. ఆమె ఉద్యమంలోని స్త్రీలు ఇంట్లో కాల్చిన రొట్టెలూ, ఇంట్లో పెట్టిన జామ్ సీసాలూ పట్టుకుని శాసనసభలకి వెళ్ళేవారు. రొట్టె చేసేవాళ్ళ నుంచి రొట్టె సంపాదించేవాళ్ళకి అని దాని మీద రాసి ఉండేది. గౌను ఏ రంగుదైతే టీవీలో బాగుంటుందో, ప్రశ్నకి ముప్ఫై సెకన్లలో ఎలా జవాబివ్వాలో ష్లాఫ్లీ వాళ్ళకి నేర్పింది. సభల్లో మాట్లాడేముందు, నన్నిక్కడికి రానిచ్చినందుకు మా ఆయనకి కృతజ్ఞతలు అనేది. స్త్రీవాదులకి ఒళ్ళు మండుతుందని తెలిసే అనేది. 1973లో ఒక చర్చలో బెటీ ఫ్రీడన్ నిజంగానే సహనం కోల్పోయి, నిన్ను కొయ్యకి కట్టి కాల్చాలని ఉందనేసింది. ష్లాఫ్లీ నవ్వి ఊరుకుంది. ఆ చర్చ ఎవరు గెలిచారో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి మతాల మధ్య పొత్తు. దక్షిణాది ప్రొటెస్టెంట్ సంఘాలకి కాథలిక్కులంటే పడేది కాదు. 1960లో కెనెడీ అధ్యక్షుడిగా నిలబడినప్పుడు పోప్ పాలన వస్తుందని భయపడ్డవాళ్ళు వాళ్ళు. మార్మన్‌లని ఈ రెండు వర్గాలూ క్రైస్తవులుగానే లెక్కించేవి కావు. వీళ్ళందరినీ ఒక కాథలిక్ స్త్రీ ఒకే వేదిక మీదికి తెచ్చింది. సిద్ధాంతంలో కలవని వాళ్ళు ఆడదాని స్థానం దగ్గర కలిశారు. టెక్సాస్‌లో చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌కి చెందిన లాటీ బెత్ హాబ్స్ అనే రచయిత్రి గులాబీ రంగు కరపత్రం ఒకటి తయారుచేస్తే అది చర్చి నుంచి చర్చికి చేతులు మారింది. తర్వాతి కాలంలో అమెరికా రాజకీయాల్లో 'మతవాద మితవాదం' అని మనం పిలిచేదానికి బలమైన పునాదులు పాస్టర్ల కన్నా ముందు ఈ ఆడవాళ్ళు వేశారు.

1973లో 8 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. 1974లో 3. 1975లో ఒకటి. 1976లో ఒక్కటీ లేదు. 1977లో ఒకటి. మొత్తం 35 దగ్గర బండి ఆగిపోయింది. ఒప్పుకున్న అయిదు రాష్ట్రాలు వెనక్కి తీసుకుంటున్నామన్నాయి. 1977 నవంబరులో హ్యూస్టన్‌లో ప్రభుత్వ ఖర్చుతో జాతీయ మహిళా మహాసభ జరిగింది. రెండువేల మంది ప్రతినిధులు, వేదిక మీద అధ్యక్షుల భార్యలు ముగ్గురు. సవరణతో పాటు గర్భస్రావ హక్కునీ, లెస్బియన్ల హక్కుల్నీ సమర్థిస్తూ తీర్మానాలు చేశారు. అదే ఊళ్ళో కొద్ది మైళ్ళ దూరంలో హాబ్స్, ష్లాఫ్లీ పదిహేనువేల మందితో పోటీసభ పెట్టారు. బస్సుల్లో పసిపిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. మహాసభ దృశ్యాలు చూపించే ఆమె దేశానికి చెప్పింది, చూశారా వీళ్ళ అసలు ఉద్దేశం అని. గడువు 1982 జూన్ 30 దాకా పొడిగించినా లాభం లేకపోయింది. 1980లో రిపబ్లికన్ పార్టీ నలభై ఏళ్ళ సమర్థనని ప్రణాళికలోంచి తీసేసింది.

ఆ చివరి వేసవిలో ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏడుగురు స్త్రీలు సవరణ కోసం 37 రోజులు నిరాహారదీక్ష చేశారు. వారిలో సోనియా జాన్సన్ ఒకతె. అయిదు తరాల మార్మన్ కుటుంబం ఆమెది. సవరణని సమర్థించినందుకు 1979 డిసెంబరులో ఆమెని చర్చి వెలివేసింది. విశ్వాసం అంటే ష్లాఫ్లీ ఒక్కతే కాదని చెప్పడానికి ఈ పేరు గుర్తుచేస్తున్నాను. విశ్వాసాన్ని ఆయుధంగా పట్టుకున్నవాళ్ళు రెండువైపులా ఉన్నారు. ఒకవైపు చర్చి ఆశీర్వదించింది, ఇంకోవైపు బయటికి గెంటేసింది.

ఆ సౌకర్యం నిజంగా ఉందా?

ష్లాఫ్లీ జీవితానికీ మాటలకీ పొంతన లేదని అందరూ అన్నారు. గృహిణి గొప్పతనం బోధిస్తూ తను దేశమంతా తిరిగింది. యాభై దాటాక లా చదివి 1978లో పట్టా తీసుకుంది. ఇది నిజమే గాని, అక్కడితో ఆగిపోతే మనం ఆమె వాదనకి జవాబు చెప్పినట్టు కాదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆమె కాపాడుతున్నానన్న ఆ సౌకర్యం, అంటే భర్త పోషించి తీరాలన్న చట్టబద్ధమైన హక్కు, నిజంగా ఎవరి చేతికైనా అందిందా?

1953లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. మెగ్వైర్ కేసు. ముప్ఫై ఏళ్ళు దాటిన కాపురం. భర్తకి దాదాపు నాలుగు వందల ఎకరాలూ, బాంకులో డబ్బూ ఉన్నాయి. ఇంట్లో స్నానాల గది లేదు, లోపల మరుగుదొడ్డి లేదు. కారు 1929 నాటిది. భార్య కోళ్ళు పెంచి, గుడ్లమ్ముకుని, బట్టలూ సరుకులూ కొనుక్కునేది. నా పోషణకి డబ్బిప్పించండని కోర్టుకెళ్ళింది. కింది కోర్టు ఒప్పుకుంది. పైకోర్టు కొట్టేసింది. భార్యాభర్తలు ఒకే ఇంట్లో కలిసి ఉన్నంతకాలం వాళ్ళెలా బతకాలో చెప్పడం న్యాయస్థానం పని కాదంది. అంటే ఆ హక్కు కావాలంటే ముందు ఇల్లు వదిలి బయటికి రావాలి. కాపురం చేస్తున్న గృహిణికి, అంటే ష్లాఫ్లీ ఎవరి తరఫున మాట్లాడిందో ఆ స్త్రీకే, ఆ హక్కు లేదు.

ఇక విడిపోయిన వాళ్ళ సంగతి. భర్త పెన్షను మీద వచ్చే వాటా విడాకులు తీసుకున్న భార్యకి దక్కాలంటే కాపురం కనీసం ఇరవై ఏళ్ళు సాగి ఉండాలని అక్కడి సామాజిక భద్రత చట్టం చెప్పేది. పందొమ్మిదేళ్ళు వంట చేసినామెకి ఏమీ రాదు. 1977లో దాన్ని పదేళ్ళకి తగ్గించారు. నడివయసులో రోడ్డున పడ్డ గృహిణుల గురించి సంఘాలు పెట్టి చట్టాలు చేయించింది టిష్ సోమర్స్ లాంటి స్త్రీవాదులు. ఎవరి తప్పూ నిరూపించకుండానే విడాకులిచ్చే మొదటి చట్టం మీద 1969లో సంతకం చేసిన కాలిఫోర్నియా గవర్నరు ఎవరో తెలుసా? రోనాల్డ్ రేగన్. ష్లాఫ్లీకి ఇష్టుడైన నాయకుడు.

ఆమె ముందు కూర్చున్న స్త్రీలకి ఇదంతా తెలియదా? తెలుసుననే నా అనుమానం. బార్బరా ఎరెన్‌రైక్ 1983లో 'ది హార్ట్స్ ఆఫ్ మెన్' అనే పుస్తకంలో ఒక గొప్ప పరిశీలన చేసింది. యాభైల నుంచే అమెరికన్ మగవాళ్ళు పోషకుడి పాత్ర మీద తిరుగుబాటు మొదలెట్టారనీ, ఆ మోసాన్ని అందరికన్నా ముందు పసిగట్టింది ఈ సంప్రదాయ గృహిణులేననీ ఆమె అంటుంది. అదే ఏడు ఆండ్రియా డ్వార్కిన్ 'రైట్ వింగ్ విమెన్'లో మరోవైపు నుంచి అదే చోటికి వచ్చింది. మగవాళ్ళ హింస ఎంతటిదో ఈ స్త్రీలకి బాగా తెలుసు, అందుకే విధేయత ఇచ్చి రక్షణ కొనుక్కోవాలని చూస్తారంటుంది. భయం నిజం. ఆ భయానికి ష్లాఫ్లీ చెప్పిన మందే నకిలీది. మగవాడు మాట తప్పుతుంటే ఆమె కోపాన్ని అతని మీద నుంచి స్త్రీవాది మీదికి తిప్పింది. 1981లో సెనేట్ కమిటీ ముందు ఆమె ఇచ్చిన సాక్ష్యం దీనికి పరాకాష్ఠ. పనిచేసే చోట లైంగిక వేధింపు శీలవతులకి చాలా అరుదుగా తప్ప ఎదురు కాదంది. అంటే వేధింపుకి గురైన ప్రతి స్త్రీ మీదా ఒక ముద్ర వేసింది. 2007లో ఒక కాలేజీలో మాట్లాడుతూ, పెళ్ళికి ఒప్పుకోవడమంటేనే శరీర సంబంధానికి ఒప్పుకోవడమని చెప్పింది. రక్షణ పేరుతో ఇచ్చే గొడుగు కింద ఎంత చీకటి ఉంటుందో ఈ రెండు మాటల్లో తెలుస్తుంది.

మా పిన్ని కేసు

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవడానికి నాకు వీల్లేదు. మా పిన్ని భర్త పెళ్ళయిన నాలుగేళ్ళకి ఇంకొకామెతో ఉండడం మొదలుపెట్టాడు. తొంభైల మొదటి రోజులవి. నేను చిన్నపిల్లని. గుంటూరులో లాయరు దగ్గరికి వెళ్ళివచ్చిన రోజు రాత్రి పెద్దవాళ్ళు వరండాలో మాట్లాడుకున్న మాటలు నాకిప్పటికీ జ్ఞాపకం. మాది క్రైస్తవ వివాహం. 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచరించిందని నిరూపిస్తే చాలు, భర్తకి విడాకులొస్తాయి. అదే భర్త వ్యభిచరిస్తే భార్యకి అది చాలదు. దానితో పాటు క్రూరత్వమో, రెండేళ్ళపాటు వదిలెయ్యడమో కూడా నిరూపించాలి. ఆయన మూడు నెలలకోసారి వచ్చి ఒక పూట భోంచేసి వెళ్ళేవాడు. రెండేళ్ళ లెక్క తెగిపోయేది. దావా నడుస్తుండగా ఇచ్చే మనోవర్తి భర్త ఆదాయంలో అయిదో వంతు మించకూడదని ఆ చట్టమే అంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద వెళ్దామంటే గరిష్ఠంగా నెలకి 500 రూపాయలు. సంఘ పెద్దలు వచ్చి ప్రార్థన చేసి, దేవుడు కలిపిన బంధం తెంచకూడదు, ఓర్చుకోమ్మా అన్నారు. అయ్యగారు కూడా అదే అన్నారు. పిన్ని ఓర్చుకుంది.

1995లో కేరళ హైకోర్టు ఆ చట్టంలోని అసమానతని తప్పుపట్టింది. క్రైస్తవ స్త్రీల సంఘాలూ కొన్ని చర్చిలూ ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. భార్యాభర్తలకి ఒకే ఆధారాలు. అయిదో వంతు పరిమితి పోయింది, 500 రూపాయల పరిమితీ అదే ఏడు పోయింది. 132 ఏళ్ళు పట్టింది. అన్ని దశాబ్దాలూ ఆ చట్టాన్ని "మన విశ్వాసం" అని కాపాడిన వాళ్ళలో మగపెద్దలే కాదు, స్త్రీల సమాజంలో ముందు వరసలో కూర్చునే అమ్మగార్లూ ఉన్నారు. మా పిన్ని కూడా ఆదివారం బడిలో పిల్లలకి విధేయత పాఠమే చెప్పేది. భర్త ఇవ్వని గౌరవాన్ని ఆ చర్చి ఆమెకి ఇచ్చింది. నేను దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను.

రాజ్యం కూడా ఇలాంటి చోట తెలివిగా తప్పుకుంటుంది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనీ రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒడంబడికని అమెరికా 1980లో సంతకం చేసి కూడా ఇంతవరకూ ధ్రువీకరించలేదు. ధ్రువీకరించకూడదని గట్టిగా రాసినవాళ్ళలో ష్లాఫ్లీ ఒకరు. భారతదేశం 1993లో ధ్రువీకరించింది. కానీ ఏ వర్గం వ్యక్తిగత వ్యవహారాల్లోనూ వారి చొరవా సమ్మతీ లేకుండా జోక్యం చేసుకోమని ఒక ప్రకటన జతచేసింది. ఆ వర్గం సమ్మతి అంటే ఎవరి సమ్మతి? వర్గంలోని స్త్రీని ఎవరడిగారు? ఇక 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ భార్య మీద అత్యాచారానికి మినహాయింపు అలాగే ఉంది. ష్లాఫ్లీ మాట అమెరికాలో వివాదం. మన దగ్గర అది చట్టం.

తొంభైలలో సూసీ తారు, తేజస్విని నిరంజన హైదరాబాదు నుంచి రాసిన ఒక వ్యాసం ఈ సందర్భంలో మళ్ళీ చదవాలి. మండల్ వ్యతిరేక ఆందోళనలో రోడ్డెక్కిన అగ్రవర్ణ విద్యార్థినులూ, హిందూత్వ ఉద్యమంలో ముందు నిలిచిన స్త్రీలూ, చుండూరులో దళితుల మీద ఆరోపణలు చేసిన అగ్రకులాల స్త్రీలూ స్త్రీవాదానికి ఏ ప్రశ్నలు వేస్తున్నారో వాళ్ళు చర్చించారు. ఆడవాళ్ళు బయటికొచ్చి మాట్లాడితే అదే విముక్తి అని మనం అనుకుంటాం. ఏ కులం మీద నిలబడి, ఎవరిని తొక్కి మాట్లాడుతున్నారన్నది అడగకపోతే ఆ మాట కాస్తా ష్లాఫ్లీ మాట అవుతుంది.

మిగిలిన లెక్క

ష్లాఫ్లీ చివరిదాకా రాస్తూనే ఉంది. బడి పుస్తకాల మీద, కోర్టుల మీద, వలస వచ్చేవాళ్ళ మీద. 2008లో ఆమె చదువుకున్న వాషింగ్టన్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇస్తే అనేకమంది విద్యార్థులూ అధ్యాపకులూ లేచి వీపు చూపించి నిలబడ్డారు. 2016 మార్చిలో డొనాల్డ్ ట్రంప్‌ని సమర్థించింది. మూడు పెళ్ళిళ్ళు చేసుకుని, ఆడవాళ్ళ గురించి నీచంగా మాట్లాడే మగవాణ్ణి జీవితమంతా కుటుంబ విలువలు బోధించిన స్త్రీ సమర్థించడమా అని చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మగవాడి నడవడిని ఆమె ఎన్నడూ ప్రశ్నించలేదు కదా. ఆ సెప్టెంబరు 5న 92వ ఏట చనిపోయింది. అంత్యక్రియల్లో ట్రంప్ మాట్లాడాడు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుని కొట్టేసినప్పుడు ఆమె లేదు గాని, ఆ తీర్పు వెనక ఆమె యాభై ఏళ్ళ పని ఉంది.

సవరణ కథ మాత్రం ముగియలేదు. 2017లో నెవాడా, 2018లో ష్లాఫ్లీ సొంత రాష్ట్రం ఇల్లినాయ్, 2020 జనవరిలో వర్జీనియా ఒప్పుకున్నాయి. లెక్కకి 38 పూర్తయింది. గడువు ఎప్పుడో దాటిందన్న వివాదం వల్ల ఆ వాక్యం రాజ్యాంగంలో అచ్చు కాలేదు. 2025 జనవరి 17న, దిగిపోయే ముందు, అధ్యక్షుడు బైడెన్ తన దృష్టిలో అది రాజ్యాంగంలో భాగమేనన్నాడు. ప్రకటించాల్సిన అధికారి ప్రకటించలేదు.

మేం ఓడింది మగవాళ్ళ చేతిలో అని చెప్పుకోవడంలో ఒక గౌరవం ఉంటుంది. ఆ సవరణ విషయంలో ఆ గౌరవం లేదు. గృహిణి భయాన్ని గుర్తించి, దానికి పేరు పెట్టి, ఆమె చేతికొక పని ఇచ్చింది ష్లాఫ్లీ. ఆ భయానికి న్యాయమైన జవాబు, పెన్షను వాటా దగ్గర్నుంచి మనోవర్తి దాకా, స్త్రీవాదుల దగ్గరే ఉంది. కానీ ఆ సంగతి ఆ వంటింట్లోకి చేరలేదు. రొట్టె పట్టుకుని వెళ్ళింది వాళ్ళు, తీర్మానాలు పట్టుకుని వెళ్ళింది మనం.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఈ వ్యాసం సంగతి చెప్పి, పిన్ని కేసూ మెగ్వైర్ కేసూ రెండూ అమ్మకి వినిపించాను. గుడ్లమ్ముకున్న ఆ నెబ్రాస్కా ఆవిడ గురించి విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మరి ఆవిడ తరఫున ఎవరన్నా ప్రార్థన చేశారా?" నవ్వబోయి ఆగాను. ఆ వరండాలో పిన్ని కోసం ప్రార్థన చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కేసు వెయ్యమన్నవాళ్ళే లేరు. ఆ మాట పైకి అన్నాను. అమ్మ తల ఊపి, "ఈ రెండు కేసులూ తెలుగులో రాసివ్వు. వచ్చే నెల సమాజంలో చదువుతాను" అంది.

రాస్తున్నాను. సిద్ధాంత గ్రంథం కన్నా ఇదే కష్టంగా ఉంది.